కొలిమి లేని ఊళ్ళో ఇనుప తీగలు

హైదరాబాద్ కొండాపూర్‌లో ఏ కాలనీ వీధి పట్టుకుని నడిచినా ఇనుప పూలు కనిపిస్తాయి. గేటు మీద ద్రాక్షతీగ, బాల్కనీ కమ్మీల నడుమ చుట్టలు తిరిగిన ఆకులు, ప్రహరీ పొడవునా బల్లెం మొనలు, అపార్ట్‌మెంటు గుమ్మంలో పింఛం విప్పిన నెమలి ఉన్న లోహపు పలక. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ వీటన్నిటినీ కలిపి ‘రాట్ ఐరన్’ అంటారు. ఒకప్పుడు తలుపు గొలుసుకూ గుడి ముందరి త్రిశూలానికీ పరిమితమైన ఇనుప సొగసు ఇవాళ రెండొందల గజాల ఇంటికీ అందింది. ఈ చుట్టుపక్కల ఇంత ఇనుప అలంకారం మునుపెన్నడూ లేదు. ఇనుమును కాల్చి, దాకలి మీద పెట్టి, కొట్టి రూపం తెచ్చే మనిషి ఇంత అరుదైపోయిన కాలమూ మునుపు లేదు. ఏ చేతిపని గురించైనా ‘గిరాకీ పోయింది, పని పోయింది’ అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. కొండాపూర్‌లో ఆ మాట నిలవదు. ఇక్కడ గిరాకీ పదింతలైంది, పని మాత్రం పోయింది. ఈ చిక్కుముడి విప్పకుండా కమ్మరి పని గురించి ఎంత బాధపడినా ఆ బాధకు అర్థం ఉండదు. వస్తువు అడిగే మనిషికీ దాన్ని కొట్టే మనిషికీ నడుమ తరాల పాటు సాగిన ఇచ్చిపుచ్చుకోలు తెగిపోవడమే అసలు నష్టమని నా అభిప్రాయం. ఆ ఇచ్చిపుచ్చుకోలులో ఒక లెక్క ఉండేది. ఇనుము మీద సొగసుకు తీరిక దొరికింది ఆ లెక్కలోనే.

కొండాపూర్ పక్కనే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రారంభించారు. శేరిలింగంపల్లి మున్సిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. ఆ రెండు తేదీల నడుమ తొమ్మిదేళ్ళలోనే కొండాపూర్, కొత్తగూడ, మాదాపూర్, గచ్చిబౌలి ఊళ్ళ పేర్లుగా మిగిలాయే గాని ఊళ్ళుగా మిగల్లేదు. అంతకు ముందు ఇవి చెరువు కింద వరి, చెలకల్లో జొన్న పండించుకునే మామూలు తెలంగాణ పల్లెలు. అలాంటి పల్లెలో కమ్మరికి ఏ చోటు ఉండేదో తెలుసుకోవడానికి దగ్గరి ఆధారం శామీర్‌పేట. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో ఆ ఊరిని పరిశీలించి ‘ఇండియన్ విలేజ్’ రాశారు. 1955లో అచ్చయిన ఆ పుస్తకంలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి రైతుకు ఏడాది పొడవునా పని చేసి పెట్టి, పంట చేతికొచ్చాక ధాన్యం తీసుకునే పద్ధతి ఉంది. ఈ వైపు మనుషులు దాన్ని మేర అనేవారు. కుప్ప నూర్చాక కళ్ళంలోనే కమ్మరి వాటా కొలిచేవారు. కర్రు ఎన్నిసార్లు సాగగొట్టించుకున్నావు, కొడవలికి ఎన్నిసార్లు కక్కు పెట్టించుకున్నావు అన్న లెక్క ఆ కొలతలో రాదు. కొత్త బండికో కొత్త తలుపుకో పని చేస్తే అది వేరు, దానికి విడిగా ముట్టజెప్పేవారు. అయినా ఆ విడి పని కూడా ఏడాది పొడవునా ముఖాలు చూసుకునే మనుషుల మధ్యే జరిగేది.

రోహిణి కార్తె నుంచి మృగశిర దాకా కొలిమి దగ్గర నిలబడటానికి చోటుండేది కాదు. తొలకరి పడేలోపు ప్రతి అరకకూ కర్రు సిద్ధం కావాలి. పంట కోతలకు ముందు కొడవళ్ళు, గీత కార్మికుల కత్తులు. ఆ రెండు రద్దీల నడుమా, కోతలయ్యాకా తిత్తి నెమ్మదించేది. అలంకారం పుట్టింది ఆ నెమ్మదిలోనే. గొళ్ళెం కొసను ఊరికే వంచి వదలకుండా పాము తలలా చదును చేయడం, తలుపు కడియం కింద రేకును ఆకులా సాగదీయడం, అడకత్తెర పిడులను చిలకల్లా వంచడం, గరిటె కాడకు మెలి తిప్పడం. ఇవేవీ ఎవరూ ప్రత్యేకంగా పురమాయించినవి కావు. చేసే వస్తువులోనే ఒక మూల, చేసేవాడి ఇష్టం కొద్దీ వచ్చి చేరినవి. వీటిని ‘అలంకార లోహశిల్పం’ అని విడిగా పిలిచే మాట ఆ ఊళ్ళో లేదు. పిలవాల్సిన అవసరమూ రాలేదు. మాట లేనంత మాత్రాన పని లేదనుకుంటే తప్పు. కూరకు పోపు పెట్టడానికి విడిగా ఒక వృత్తి పేరు లేదు గదా.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. పల్లె కమ్మరి చేసిందంతా మొరటు సామాను, అందులో శిల్పం ఎక్కడుంది, ఉంటే మ్యూజియాల్లో ఏదీ అని అడగవచ్చు. నిజమే, ఆధారాలు తక్కువ. అయితే ఆ కొరతకు కారణం ఇనుము స్వభావంలోనే ఉంది. కంచు విగ్రహం వెయ్యేళ్ళు నిలుస్తుంది, ఇత్తడి చెంబు మనవరాలి పెళ్ళికి పోతుంది. ఇనుము తుప్పు పడుతుంది. పట్టకముందే, అరిగిన కర్రు మళ్ళీ కొలిమిలోకి వెళ్ళి గునపం మొన అవుతుంది, గునపం అరిగి ఉలి అవుతుంది, ఉలి అరిగి మేకు అవుతుంది. మంచి కమ్మరి తన నిన్నటి పనిని తానే కరిగించుకుంటాడు. అందుకే ఈ పనికి సాక్ష్యం వస్తువుల్లో కన్నా భాషలో ఎక్కువ మిగిలింది. ‘కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు’ అనే సామెత మనకుంది. ఎవడి దగ్గర ఏది అమ్మబోతే నవ్వులపాలవుతావో చెప్పే సామెత అది. అందులో ఉదాహరణ గునపమో గొడ్డలో కాదు, సూది. వంటింటి సామానులో, పొలం సామానులో అంతకన్నా సన్నని ఇనుప వస్తువు లేదు. కమ్మరికి సూది చిటికెలో పని అని తెలిసిన సమాజమే ఆ సామెత కట్టగలదు. సూది సాగదీయగల చెయ్యి ఆకు ఈనె తీయలేదనడం సబబు కాదు.

త్రిశూలం సంగతి తీసుకుందాం. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ గుళ్ళ ముందు నిలబెట్టే త్రిశూలాన్ని పాత పద్ధతిలో ఒకే కడ్డీ నుంచి తీస్తారు. కడ్డీ కొసను కొలిమిలో నారింజ రంగు వచ్చే దాకా కాల్చి, దాకలి మీద పెట్టి, ఉలితో నిలువునా రెండు చీలికలు వేస్తారు. ఒకరు ఉలి పట్టుకుంటే ఒకరు సమ్మెట వేస్తారు. ఇప్పుడది మూడు పాయలు. పక్క పాయలు రెండూ మళ్ళీ కాల్చి బయటికి విప్పాలి. విప్పేటప్పుడు చీలిక మొదట్లో పగులు రాకుండా ఆ చోటును సుత్తితో గుండ్రంగా దించుకోవాలి. తరువాత ఒక్కో పాయనూ సాగగొట్టి, నడుము వెడల్పు చేసి, కొస సన్నం చేసి, ఆకు రూపం తెచ్చి, రెండు పక్కలా ఒకే వంపు వచ్చేలా వంచాలి. కడ్డీకి మెలి కావాలంటే అదొక ఎత్తు. కడ్డీని కాల్చి ఒక కొస బిగించి రెండో కొసను పట్టుకారుతో తిప్పుతుంటే ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే మెలి ముడుచుకుంటుంది. అందుకని కమ్మరి ఆ చోట నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చల్లార్చి, మిగతా చోటికి మెలి పారిస్తాడు. రంగు చూసి వేడి తెలుసుకోవడం, నీటి చుక్కతో మెలిని నడపడం చదువుతో వచ్చేవి కావు, అలాగని మొరటు బలంతో వచ్చేవీ కావు. శిల్పి రాతి పొరను చదివినట్టే ఇది ఇనుమును చదవడం. వీరభద్రుడి భక్తులు పట్టే నారసాలు, ఖడ్గాలు కూడా ఇలాంటి చేతుల్లోంచి వచ్చినవే. పనిముట్టుగా వాటికి ఏ ఉపయోగమూ లేదు. అవి కేవలం రూపం కోసం, భక్తి కోసం చేసినవి. పల్లె కమ్మరికి శిల్పం తెలియదనేవారికి ఈ ఒక్క జాబితా చాలు.

కొండాపూర్ నుంచి గోల్కొండ ఎంతో దూరం లేదు. ఫతే దర్వాజా తలుపుల మీద ఏనుగుల తాకిడి ఆపడానికి బిగించిన ఇనుప ముళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి ముల్లూ చేత్తో కొట్టింది. వరస వరసలుగా చూసినప్పుడు కోట రక్షణ ఎంత కనిపిస్తుందో తలుపు అందం అంతే కనిపిస్తుంది. అది రాజుగారి ఖర్చు, పల్లెకు ఆ లెక్క చెల్లదనవచ్చు. కాబట్టి పల్లె వస్తువే చూద్దాం. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం ఊరంతా చూసే పని. పట్టా చుట్టుకొలతను చక్రం కన్నా కాస్త తక్కువగా ఉంచి రెండు కొసలూ అతుకుతారు. చుట్టూ పిడకలు పేర్చి పట్టాను ఎర్రగా కాలుస్తారు. కాలి సాగిన పట్టాను నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద దించి, సుత్తులతో సర్ది, వెంటనే నీళ్ళు పోస్తారు. కట్టె పొగలు కక్కుతుంది, పట్టా కుంచించుకుంటూ చక్రపు ఆకులన్నిటినీ నడిమి కుండలోకి బిగిస్తుంది. ఒక్క మేకు లేకుండా, ఒక్క బొట్టు జిగురు లేకుండా వడ్రంగి పని, కమ్మరి పని ఒకటవుతాయి. కొలత రవ్వంత ఎక్కువైతే పట్టా జారిపోతుంది, తక్కువైతే చక్రం విరుగుతుంది. ఇంత ఖచ్చితమైన కొలతను కంటితో, తాడుతో పట్టుకునే మనిషిని ‘మొరటు పనివాడు’ అనడం మన అజ్ఞానమే గాని అతడి లోపం కాదు.

ఈ నేలకు ఇనుముతో ఉన్న పరిచయం కూడా నిన్నటిది కాదు. కొండాపూర్ పొరుగునే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో బృహత్‌శిలా సమాధులను తవ్వినప్పుడు ఇనుప వస్తువులు దొరికాయి. అవి క్రీస్తుపూర్వం 2000కు ముందువి కావచ్చని ఆచార్య కె.పి. రావు ప్రతిపాదించారు. అంత పాతవన్న మాట మీద పండితుల్లో వాదం ఉంది. బృహత్‌శిలా కాలానికే ఇక్కడ ఇనుము ఉందన్న దాని మీద లేదు. ఇక ఉత్తర తెలంగాణలో కోనసముద్రం ఉక్కు ముద్దల కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ ఊరి ఉక్కు తయారీని రాసిపెట్టాడు, అది అతడు చనిపోయాక 1832లో అచ్చయింది. మిర్తపల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్ళు కలిపి మూసల్లో పెట్టేవారని అందులో ఉంది. ఆ కొండాపూర్ మన హైటెక్ సిటీ పక్క కొండాపూర్ కాదు. శాతవాహనుల నాటి టంకశాల బయటపడిన సంగారెడ్డి వైపు కొండాపూర్ మరొకటి. గుట్ట పక్కన ఊరు కడితే ఆ పేరు పెట్టడం తెలంగాణ అంతటా ఉంది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ (నియాస్) కలిసి ఉత్తర తెలంగాణలో చేసిన సర్వేలో వందకు పైగా ఊళ్ళలో ఇనుప చిట్టెం దిబ్బలు నమోదయ్యాయి. దక్షిణాదిలో ఉక్కు మూసల్లో ఎండు తంగేడు కట్టె, జిల్లేడాకు వేసేవారని 19వ శతాబ్దపు రాతలు చెబుతున్నాయి. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. ఇదంతా గొప్పలు చెప్పుకోవడానికి ఎత్తలేదు. చేతిపని సొగసుకు కావలసిన లోహ జ్ఞానం ఈ పల్లెల్లో లేదనే వాదన నిలవదని చెప్పడానికే.

మరి ఆ కొలిమి పని ఎలా పోయింది? ఒక్కసారిగా పోలేదు, కింది నుంచి పోయింది. మొదట టైరు బండి వచ్చింది. జనం డన్‌లప్ బండి అన్నారు. దాంతో పట్టా ఎక్కించే పని ఆగింది. ట్రాక్టరు వచ్చి నాగటి కర్రును పక్కన పెట్టింది. కొడవళ్ళు అంగట్లో కట్టలుగా దొరికాయి. కమ్మరి లారీ స్ప్రింగు పట్టీలు కొని కత్తులు చేసి కొంతకాలం నెట్టుకొచ్చాడు. ఇంతవరకు తెలంగాణలో ప్రతి ఊరి కథా ఇదే. కొండాపూర్ వైపు దీనికి మరొకటి తోడైంది, పొలమే పోయింది. పొలం లేకపోతే కళ్ళం లేదు, కళ్ళం లేకపోతే మేర లేదు. సరిగ్గా అప్పుడే ఇళ్ళు లేచాయి, గేట్లు కావలసి వచ్చాయి. ఒక వైపు ఇనుము కొట్టడం తెలిసిన మనిషి ఖాళీగా కూర్చున్నాడు, మరో వైపు ఇనుప పూలు కావాలనే వేలాది ఇళ్ళు మొలిచాయి. రెండూ ఒకే మైలు లోపల. అవి కలవాల్సింది, కలవలేదు. నా వాదనంతా ఈ కలవకపోవడం మీదే నిలబడి ఉంది.

ఎందుకు కలవలేదో ఇవాళ్టి గేటు తయారయ్యే తీరు చెబుతుంది. ఫ్యాబ్రికేషన్ షాపులో చదరపు గొట్టాలు, ఫ్లాట్లు, యాంగిళ్ళు ఉంటాయి. పువ్వులు, ఆకులు, చుట్టలు, బల్లెం మొనలు అచ్చుల్లో ఒత్తినవో పోతపోసినవో విడిగా వస్తాయి. ఇంటివాళ్ళు ఫోనులో బొమ్మ చూపిస్తారు, షాపువాళ్ళు గొట్టాలు కోసి, పువ్వులు అంటించి, అతుకులు గ్రైండరుతో గీకి, రెడాక్సైడ్ పూసి, పైన నల్లరంగు వేస్తారు. ధర కిలోకు ఇంత, లేదా చదరపు అడుగుకు ఇంత. అసలు సంగతి ఈ లెక్కలోనే ఉంది. కొలిమి పని ఇనుమును సన్నం చేస్తుంది. లావు కడ్డీ కొసను ఆకు చేయడానికి నలభై దెబ్బలు వేస్తే బరువు పెరగదు, కాస్త పొట్టు రాలి ఇంకా తగ్గుతుంది. కిలో లెక్కలో ఆ నలభై దెబ్బలకు పైసా రాదు. మెలి తిప్పితే రాదు, కొస సన్నగా తీస్తే రాదు. సొగసు పెరిగే కొద్దీ కూలి తగ్గే లెక్క ఇది. మేర లెక్కలో దెబ్బకు ఖరీదు లేదు, ఏడాదికి ఉంది. కనుక తీరిక వేళ నాలుగు దెబ్బలు ఎక్కువ వేస్తే నష్టం లేదు, మంచి పేరు ఉంది. కళను చంపింది యంత్రం అనే మాట కన్నా కళను చంపింది తూకం అనడం నిజానికి దగ్గర. చదరపు అడుగు లెక్కా అంతే. ఖాళీకీ పువ్వుకూ అందులో ఒకే ధర.

ఇంకొకటి కూడా అందులో కలిసి ఉంది. గేటు బిగించాక ఫ్యాబ్రికేటరు మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కడు. తుప్పు పడితే ఇంటివాళ్ళు కొత్తది వేయించుకుంటారు. పాత కమ్మరికి తాను చేసిన గొళ్ళెం పదేళ్ళకో పదిహేనేళ్ళకో తన దాకలి మీదికే తిరిగి వస్తుందని తెలుసు. మరమ్మతు చేసే మనిషే తయారు చేసినవాడైతే ఎక్కడ బలం చాలలేదో, ఎక్కడ నీళ్ళు నిలిచి తుప్పు పట్టిందో కళ్ళారా చూస్తాడు, తరువాతి వస్తువులో దిద్దుకుంటాడు. రూపం మెరుగుపడేది ఇలాగే. కేటలాగులోని పువ్వుకు ఆ తిరుగు ప్రయాణం లేదు.

వెల్డింగ్ షాపు కుర్రాడే ఇవాళ్టి కమ్మరి, అతణ్ణి తక్కువ చేయడం ఎందుకని అడగవచ్చు. అడగాలి కూడా. ఎండలో, కళ్ళకు సరైన అద్దాలు లేకుండా, పదో అంతస్తు అంచున నిలబడి అతుకు వేసే మనిషి నైపుణ్యం చిన్నది కాదు. వెల్డింగ్ రాకతో ఎన్నో పనులు తేలికయ్యాయి, అందరికీ అందుబాటులోకి వచ్చాయి. లేజరుతో రేకు కోసి చేసే జాలీల్లో నిజంగా అందమైనవి ఉన్నాయి. వాటిలోని జ్యామితి కొలిమి మీద రాదు. నా అభ్యంతరం వాటి మీద కాదు, రెండూ ఒకటేననే మాట మీద. లేజరు రేకులోంచి తీసేస్తుంది, మిగిలిన రేకు మందం అంతటా ఒకటే. సుత్తి ఉన్న లోహాన్నే ఒక చోటి నుంచి మరో చోటికి జరుపుతుంది, కనుక ఆకు నడుమ మందంగా, అంచున పలచగా, కొసన సూదిగా ఉంటుంది. వెలుగు పడే తీరు మారుతుంది. తాకితే తెలుస్తుంది. మైదాపిండి ముద్దను చేత్తో ఒత్తడానికీ రొట్టెను అచ్చుతో కోయడానికీ ఉన్నంత తేడా ఇది. పైగా మనం ‘రాట్ ఐరన్’ అనే మాటను వాడుతున్న లోహం అది కానే కాదు. ఆ మాట అసలు పుట్టిన లోహాన్ని, నారలు నారలుగా విడివడే మెత్తని ఇనుమును, ఇంగ్లండులో వాణిజ్యానికి చేసిన చివరి కార్ఖానా బోల్టన్‌లో 1973లో మూతపడింది. మనకు దొరికేది మైల్డ్ స్టీలు. పేరు మిగిలింది, లోహం పోయింది, చేత్తో కొట్టడం పోయింది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటి. మేర అంటే ధాన్యం ఒక్కటే కాదు, కులం కూడా. కమ్మరి కొడుకు కమ్మరే కావాలి, ఊరు విడిచిపోకూడదు, పంట పోతే కూలి పోతుంది, పెద్ద రైతు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. తిత్తి ఊదిన ఆడవాళ్ళ కూలి ఎవరి లెక్కలోనూ లేదు. బొగ్గు పొగ ఊపిరితిత్తులను తినేది. అలాంటి బతుకు పోయినందుకు ఏడవడమేమిటి? ఈ మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు, ఒప్పుకోలే ఉంది. కొలిమి ముందు పుట్టిన పిల్లలు అదే కొండాపూర్‌లో కంప్యూటరు ముందు కూర్చుంటే అది మంచి మార్పు. ఆ పిల్లలు తిరిగి సుత్తి పట్టాలని కోరే హక్కు ఎవరికీ లేదు. మేర తిరిగి రావాలని నేను అనడం లేదు. మేరలో రెండు వేర్వేరు విషయాలు ముడిపడి ఉన్నాయంటున్నాను. ఒకటి పుట్టుక సంకెల, రెండోది చేసేవాడి సమయానికి విలువ కట్టే లెక్క. మొదటిది తెంపేటప్పుడు రెండోదీ తెగింది. తెగాల్సిన అవసరం లేదనడానికి లోకంలో ఆధారాలున్నాయి.

బోల్టన్ కార్ఖానా మూసిన ఆ 1973లోనే అమెరికాలో కొద్దిమంది కమ్మరులు జార్జియా రాష్ట్రంలో కలుసుకుని కళాకారులైన కమ్మరుల సంఘం పెట్టుకున్నారు. అబానా అని పిలిచే ఆ సంఘం ఇప్పటికీ ఉంది. అక్కడ కొలిమికి కులం లేదు, గుర్రాల నాడాల పని ఎప్పుడో తగ్గిపోయింది. వాళ్ళు నిలబడటానికి వెనుక పాత నమూనా ఒకటి ఉంది. తూర్పు ఐరోపా నుంచి వలస వెళ్ళి ఫిలడెల్ఫియాలో కొలిమి పెట్టిన శామ్యూల్ యెలిన్, 1924లో పూర్తయిన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు కోసం దాదాపు 200 టన్నుల ఇనుప పని చేశాడు. ఒక బ్యాంకు భవనం, ఒక వాస్తుశిల్పి కోరిక, ఒక కమ్మరి షాపు. భవనం కట్టేవాడు నేరుగా కొలిమి దగ్గరికి వెళ్ళాడు. అది డబ్బున్న దేశం కనుక సాగిందంటారా, అయితే మన సరిహద్దు దాటి బస్తర్ చూడండి. కొండగావ్ చుట్టుపక్కల లోహారులు పాత ఇనుమును కాల్చి, కొట్టి దీపాలు, జింకలు, మనుషుల బొమ్మలు చేస్తారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెలంగాణలో పెంబర్తి ఇత్తడి పనికి, ఆదిలాబాద్ డోక్రాకు, కరీంనగర్ వెండి తీగ పనికి ఆ గుర్తింపు ఉంది. ఇనుప పనికి లేదు. ఇత్తడి, వెండి పూజగదిలోకి వెళ్తాయి, ఇనుము పశువుల కొట్టంలోనే ఉండిపోతుందన్న పాత చూపు ఇందులో ఉందని నా అనుమానం. ఇనుమునే నమ్మి ఉక్కును ప్రపంచానికి పంపిన నేల మీద ఈ చూపు నాకు బాధ కలిగిస్తుంది.

ప్రభుత్వం ఏమీ చేయనే లేదనీ కాదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది, అందులో కమ్మరి పని ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఇస్తారు. మంచిదే. అయితే కొండాపూర్ ఉదాహరణ చూస్తే లోటు పనిముట్లలో లేదు. సుత్తి, దాకలి ఉన్న మనిషి ఇక్కడ ఓడిపోయింది అవి లేక కాదు, అడిగేవాళ్ళు తన దాకా రాక. పక్కనే మాదాపూర్‌లో 1992 నుంచి శిల్పారామం ఉంది. ఊరి వృత్తులను మనిషెత్తు బొమ్మలుగా చేసి అక్కడ చూపిస్తున్నారు. బొమ్మ చూసి ముచ్చటపడిన కుటుంబమే ఇంటికి వెళ్ళి కేటలాగులోంచి గేటు ఎంచుకుంటుంది. వాళ్ళ తప్పు కాదిది. కొట్టి చేసే మనిషి చిరునామా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, కిలో లెక్క కాకుండా రోజు లెక్కన పని అడగవచ్చని కూడా చెప్పలేదు. ఒక ఆర్కిటెక్టు వంద విల్లాలకు గొట్టం గేట్లు రాస్తూ, గుమ్మం గొళ్ళెం ఒక్కదాన్ని మాత్రం చేత్తో కొట్టించమని రాస్తే చాలు. వంద గొళ్ళేలంటే ఒక కొలిమికి నెలల పని.

ఇంత నగరం మధ్యా ఈ వైపు పాత గ్రామదేవతల గుళ్ళు ఉండిపోయాయి. బాగు చేసేటప్పుడు పాత ఇనుప త్రిశూలం తీసి మెరిసే స్టీలుదో ఇత్తడిదో నిలబెట్టడం, పాతదాన్ని పాత సామానుకు వేయడం ఇప్పుడు మామూలైంది. వేసే ముందు ఒకసారి మూడు పాయలు కలిసే చోటు చూడాలి. అతికించిందైతే అక్కడ వెల్డింగ్ బొడిపె ఉంటుంది, రంగు కింద కూడా తెలుస్తుంది. ఒకే కడ్డీని చీల్చి చేసిందైతే బొడిపె ఉండదు. చీలిక మొదట్లో, పాయ బయటికి విప్పిన చోట, సుత్తి దించిన చిన్న గుంట ఉంటుంది. రెండు పక్కలవీ సరిగ్గా ఒకేలా ఉండవు, బొటనవేలు పెడితే తెలుస్తుంది.